చెక్ నామవాచకం: లింగం తెలిస్తేనే విభక్తి

చెక్ రిపబ్లిక్ రాజధానిని మనం ప్రాగ్ అంటాం. అక్కడివారు ‘ప్రహ’ అంటారు. అయితే ఆ పేరు వాక్యంలోకి వచ్చాక అలాగే ఉండదు. ఆ నగరానికి వెళ్తుంటే ‘దొ ప్రహి’, అక్కడ ఉంటే ‘వ్ ప్రజె’, దాన్ని చూస్తుంటే ‘ప్రహు’, దాని గుండా నడుస్తుంటే ‘ప్రహౌ’. దేశంలో రెండో పెద్ద నగరం బ్ర్నొకు వెళ్ళాలంటే ‘దొ బ్ర్న’, పరిశ్రమల నగరం ప్ల్జెన్‌కు వెళ్ళాలంటే ‘దొ ప్ల్జ్న్యె’, ఉత్తరాన ఉన్న లిబెరెత్స్‌కు వెళ్ళాలంటే ‘దొ లిబెర్త్సె’. నాలుగు చోట్లా అర్థం ‘కు’ ఒక్కటే. ప్రత్యయం మాత్రం ఊరిని బట్టి మారింది. కారణం, ఆ ఊళ్ళ పేర్లకు లింగం ఉంది. ప్రహ, ప్ల్జెన్ స్త్రీలింగాలు, బ్ర్నొ నపుంసకం, లిబెరెత్స్ పుంలింగం. (చెక్ ధ్వనులన్నీ తెలుగు లిపిలో యథాతథంగా ఒదగవు. ఇక్కడి ఉచ్చారణలు దగ్గరి రూపాలు మాత్రమే.)

ఈ భాష నేర్చుకోవలసిన అవసరం తెలుగువారిలో కొందరికి నిజంగానే ఉంది. చెక్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చెక్ మాధ్యమంలో చదివితే ఏ దేశస్థులకైనా బోధన రుసుము ఉండదు. ఇంగ్లీషు మాధ్యమానికి మాత్రం చెల్లించాలి. ఉద్యోగం మీద వెళ్ళి స్థిరపడాలనుకునేవారు శాశ్వత నివాస అనుమతి కోసం భాషా పరీక్ష నెగ్గాలి. 2021 సెప్టెంబరు నుంచి ఆ పరీక్ష స్థాయిని, యూరప్ భాషా ప్రమాణాల మెట్లలో, ఏ1 నుంచి ఏ2కు పెంచారు. పౌరసత్వానికైతే బీ1 కావాలి. ఈ స్థాయిల్లో విభక్తులను తప్పించుకుని బతకడం కుదరదు.

చెక్‌లో విభక్తులు ఏడు. ఏకవచనం, బహువచనం కలిపి ఒక్కో నామానికి పద్నాలుగు గడుల పట్టిక. ఇంగ్లీషు ద్వారా చెక్ నేర్చుకునేవారికి ఇక్కడే గుండె జారుతుంది, ఎందుకంటే ఇంగ్లీషు నామానికి విభక్తి ప్రత్యయాలు దాదాపు లేవు. తెలుగువారి పరిస్థితి అది కాదు. ‘ఇంటికి’, ‘ఇంట్లో’, ‘ఇంటిని’, ‘ఇంటితో’ అని పుట్టినప్పటి నుంచి అంటున్నవారికి నామం చివర మార్చి అర్థం మార్చడం కొత్త విద్య కాదు. ‘ఇల్లు’ అన్నది ‘ఇంటి’గా, ‘చెయ్యి’ అన్నది ‘చేతి’గా ప్రాతిపదిక రూపమే మారిపోవడం కూడా మనకు అలవాటే. చెక్‌లో ‘స్తూల్’ అంటే బల్ల, దాని మిగతా రూపాలు ‘స్తొలు’, ‘స్తొలెమ్’. ‘పెస్’ అంటే కుక్క, తక్కిన విభక్తుల్లో ‘ప్స’, ‘ప్సెమ్’. తెలుగు తెలిసినవారు వీటిని చూసి బెదరవలసిన పని లేదు. అయినా తెలుగు విద్యార్థులు ఇంగ్లీషు పాఠ్యపుస్తకాల ద్వారానే చెక్ నేర్చుకుంటారు కాబట్టి, ఇంగ్లీషువారి భయాలన్నీ తమవే అనుకుంటారు. తమకు ఇదివరకే వచ్చిన దానిపై నెలలు ఖర్చు పెట్టి, రానిదాన్ని పక్కన పెడతారు. రానిది లింగం. శ్రమంతా పెట్టవలసింది అక్కడ.

ముందు వచ్చినదాని లెక్క చూద్దాం, అందులోనూ కొన్ని మెలికలున్నాయి. చెక్ బడుల్లో విభక్తులను పేర్లతో కంటే అంకెలతోనే ఎక్కువగా పిలుస్తారు: మొదటి విభక్తి, రెండో విభక్తి, ఇలా. మన ప్రథమా, ద్వితీయా లాగే ఉంది కదా అనుకుంటే బోర్లా పడతాం. రెండు వరుసల్లో కలిసేది మొదటిది ఒక్కటే. చెక్ రెండోది మన షష్ఠి, మూడోది మన చతుర్థి, నాలుగోది మన ద్వితీయ, అయిదోది సంబోధన, ఆరోది మన సప్తమి, ఏడోది మన తృతీయ. బడిలో విభక్తులు వల్లె వేసిన తెలుగువారు తొలి వారంలోనే ఈ పొంతన లేమిని ఒక కాగితం మీద రాసుకోవడం మేలు. లేకపోతే ‘ఇది నాలుగో విభక్తి’ అని ఉపాధ్యాయులు అనగానే మనసు చతుర్థి వైపు పరుగెత్తుతుంది.

మన పంచమి ఎక్కడికి పోయిందన్న ప్రశ్న సహజం. స్లావ్ భాషల్లో అది షష్ఠిలో కలిసిపోయింది. అందుకే ‘ప్రాగ్ నుంచి’ అనడానికి ‘జ్ ప్రహి’ అని రెండో విభక్తి వాడతారు. ఈ కలయిక తెలిస్తే కొన్ని వింత ప్రయోగాలు వింతగా తోచవు. ‘భయపడు’ అనే చెక్ క్రియ రెండో విభక్తిని కోరుతుంది: ‘బొయీమ్ సె ప్స’, అంటే కుక్కకు భయపడతాను. కుక్క షష్ఠిలో ఎందుకుందని ఇంగ్లీషు పుస్తకం చెప్పదు, బట్టీ పట్టమంటుంది. భయానికి కారణమైనది పంచమిలో ఉంటుందని, ‘దొంగ వలన భయపడెను’ అని ఉదాహరణతో సహా చదువుకున్న తెలుగు విద్యార్థికి అది వెంటనే బోధపడాలి.

అన్నిటికన్నా పెద్ద సౌకర్యం మన ‘నాకు’. ‘నాకు చలిగా ఉంది’ అనడానికి చెక్‌లో ‘యె మి జిమ’. ‘నాకు ఇరవై ఏళ్ళు’ అంటే ‘యె మి ద్వత్సెత్ లెత్’. ‘అది నాకు నచ్చింది’ అంటే ‘లీబీ సె మి తొ’. మూడింటిలోనూ ‘మి’ అంటే ‘నాకు’. అనుభవించేవారిని కర్తగా కాక ‘కు’తో చెప్పే ఈ పద్ధతి తెలుగులో ఎంత సహజమో చెక్‌లోనూ అంతే సహజం. ‘స్నేహితుడికి సాయం చేస్తున్నాను’ అన్నా, ‘మీకు కృతజ్ఞతలు’ అన్నా రెండు భాషలూ ఒకే విభక్తి వాడతాయి. తెలుగులో ఆలోచించి నేరుగా చెక్‌లోకి వస్తే సరిపోయేచోట మధ్యలో ఇంగ్లీషును తీసుకురావడం అనవసరం.

అలాగని కళ్ళు మూసుకుని మార్చకూడదు. ‘నాకు తల నొప్పిగా ఉంది’ అన్నది చెక్‌లో నాలుగో విభక్తితో వస్తుంది: ‘బొలీ మ్నె హ్లవ’, మాటకు మాటగా ‘నన్ను తల నొప్పి పెడుతోంది’. ‘నాకు ఇల్లు ఉంది’ అనడానికి చెక్ వేరే క్రియ వాడి ఇంటిని కర్మ చేస్తుంది. ఊరికి వెళ్ళడానికి ‘దొ’ తర్వాత రెండో విభక్తి వస్తే, మనిషి దగ్గరికి వెళ్ళడానికి మూడోది వస్తుంది: ‘క్ దొక్తొరొవి’. మన ‘తో’ చేసే రెండు పనులను చెక్ విడదీస్తుంది. స్నేహితుడితో వెళ్తే ‘స్ కమరాదెమ్’ అని ముందు ‘స్’ ఉండాలి. పెన్సిలుతో రాస్తే ఉత్త ‘తుష్కౌ’ చాలు, అక్కడ ‘స్’ పెడితే పెన్సిలును వెంటబెట్టుకుని రాస్తున్నట్టు ధ్వనిస్తుంది. బస్సులో వెళ్ళినా అదే ఏడో విభక్తి, ‘ఔతొబుసెమ్’. బస్సు అక్కడ స్థలం కాదు, సాధనం.

ఇప్పుడు లింగం. తెలుగులో లింగం అర్థాన్ని అనుసరిస్తుంది. బల్ల ఆడా మగా అన్న ప్రశ్నే పుట్టదు. చెక్‌లో బల్ల పుంలింగం, పుస్తకం స్త్రీలింగం, కిటికీ నపుంసకం. దీనికి అర్థంలో కారణం వెతకడం వృథా, కారణం చాలావరకు మాట చివరి ధ్వనిలో ఉంది. హల్లుతో ముగిస్తే ఎక్కువగా పుంలింగం, ‘అ’తో ముగిస్తే ఎక్కువగా స్త్రీలింగం, ‘ఒ’తో ముగిస్తే నపుంసకం. ఈ మూడు సూత్రాలు చాలా దూరం తీసుకెళ్తాయి. ఇవి చేయిచ్చే చోట్లు రెండున్నాయి. ఒకటి, ‘ఎ’తో ముగిసే మాటలు: ‘మొర్జె’ (సముద్రం) నపుంసకం, ‘రూజె’ (గులాబి) స్త్రీలింగం, ‘సౌత్సె’ (న్యాయమూర్తి) పుంలింగం. రెండోది, హల్లుతో ముగిసే స్త్రీలింగాలు. ‘నొత్స్’ అంటే రాత్రి, ‘ర్జెచ్’ అంటే మాట, ‘సూల్’ అంటే ఉప్పు. రోజూ వాడే మాటలే, అన్నీ స్త్రీలింగాలే.

ఈ చిక్కు ఎంతటిదో చూడడానికి మూడు మాటలు చాలు: ‘మొస్త్’, ‘హొస్త్’, ‘కొస్త్’. వంతెన, అతిథి, ఎముక. చెవికి ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. అతిథిని చూస్తే ‘హొస్త’ అవుతుంది. వంతెనను చూసినా ఎముకను చూసినా మాట మారదు. ‘యొక్క’ అర్థంలో వంతెన ‘మొస్తు’, అతిథి ‘హొస్త’, ఎముక ‘కొస్త్యి’. ‘తో’ అర్థంలో ‘మొస్తెమ్’, ‘హొస్తెమ్’, ‘కొస్త్యీ’. మూడూ మూడు దారుల్లో పోయాయి, ఎందుకంటే వంతెన నిర్జీవ పుంలింగం, అతిథి సజీవ పుంలింగం, ఎముక స్త్రీలింగం. ఏ ప్రత్యయం తగిలించాలో పట్టికలు బట్టీ పట్టినవారికీ తెలుసు. ఏ పట్టిక తెరవాలో చెప్పేది మాత్రం లింగమే. ‘విభక్తులు గుర్తుండడం లేదు’ అని వాపోయే విద్యార్థుల్లో చాలామందికి నిజంగా గుర్తులేనిది లింగం.

సజీవం, నిర్జీవం అన్న ఈ విభజన పుస్తకాల్లో గడ్డు విషయంగా కనిపిస్తుంది. తెలుగువారి నాలుక మీద అది ఇప్పటికే ఉంది. ‘పుస్తకం కొన్నాను’ అంటాం, ‘ను’ లేకపోయినా వాక్యం నిండుగానే ఉంటుంది. ‘రాముడు చూశాను’ అనలేం, ‘రాముణ్ణి’ అనాల్సిందే. కుక్క విషయంలోనూ ‘కుక్కను కొట్టాడు’ అనే అంటాం. ప్రాణమున్న కర్మకు గుర్తు తప్పనిసరి, లేనిదానికి ఐచ్ఛికం. చెక్ పుంలింగ ఏకవచనంలో నాలుగో విభక్తి నడిచేది కూడా ఈ గీత మీదే: అతిథి, విద్యార్థి, కుక్క రూపం మార్చుకుంటాయి. వంతెన, కోట, బల్ల మార్చుకోవు. తేడా ఏమిటంటే చెక్ దీన్ని పుంలింగానికే పరిమితం చేసింది. స్త్రీలింగంలో ‘జెన’ (స్త్రీ) ‘జెను’ అయినట్టే ‘క్న్యిహ’ (పుస్తకం) కూడా ‘క్న్యిహు’ అవుతుంది, ప్రాణంతో పని లేదు.

ఇంకో జాగ్రత్త. తెలుగు క్రియ మనిషినీ మనిషి కానిదాన్నీ వేరు చేస్తుంది: ‘అతిథులు వచ్చారు’, ‘ఎద్దులు వచ్చాయి’. చెక్ మాత్రం పుంలింగ జంతువులను మనుషుల పంక్తిలోనే కూర్చోబెడుతుంది. మంచుతో చేసిన బొమ్మ మనిషి కూడా సజీవమే, చనిపోయిన మనిషిని చెప్పే ‘నెబొష్త్యీక్’ సజీవమే. జనమంతటినీ చెప్పే ‘లిద్’ మాత్రం నిర్జీవం. ఈ గీత ఎక్కడ గీయాలో చెక్‌వారికే సందేహం వచ్చే మాట ఒకటుంది, అది ప్రపంచమంతటికీ తెలుసు: రోబో. 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ తన నాటకం కోసం వాడిన ఈ మాటను సూచించింది ఆయన అన్న యోసెఫ్. నాటకంలో మనిషిలా నడిచి మాట్లాడే రోబోలు బహువచనంలో ‘రొబొత్యి’, సజీవాలు. ఈనాడు వంటింట్లో పిండి కలిపే యంత్రాలు ‘రొబొతి’, నిర్జీవాలు. దేన్ని ప్రాణిగా చూస్తున్నామో ప్రత్యయమే చెప్పేస్తుంది.

తెలుగులో ఏ పోలికా దొరకనిది విశేషణం. ‘పెద్ద’ అన్న మాట మన దగ్గర ఎవరి ముందు నిలబడినా మారదు. పెద్ద కుక్కతో, పెద్ద పుస్తకంలో, పెద్ద ఊళ్ళకు, అంతా ‘పెద్ద’యే. చెక్‌లో పెద్ద కుక్కతో ‘స్ వెల్కీమ్ ప్సెమ్’, పెద్ద పుస్తకంతో ‘స్ వెల్కౌ క్న్యిహౌ’. విశేషణం నామం లింగాన్నీ వచనాన్నీ విభక్తినీ మూడింటినీ మోస్తుంది. భూతకాల క్రియ కూడా లింగం చూపుతుంది. మాట్లాడేటప్పుడు నామం నోటికి రాకముందే విశేషణం చెప్పాలి కాబట్టి, రాబోయే నామం లింగం ఒక అడుగు ముందే తెలిసి ఉండాలి. తడబాటుకు అసలు చోటు ఇదే. ప్రత్యయాలను ఎంత బాగా వల్లించినా ఇక్కడ అక్కరకు రావు.

కాబట్టి మాటను ఒంటరిగా నేర్చుకోకూడదు. ‘ఆ’ అనే అర్థమిచ్చే నిర్దేశకాన్ని ముందు తగిలించి ‘తెన్ మొస్త్’, ‘త కొస్త్’, ‘తొ మొర్జె’ అని జంటగా మనసులోకి పంపాలి. ‘తెన్’ పుంలింగం, ‘త’ స్త్రీలింగం, ‘తొ’ నపుంసకం. దానితోపాటు రెండో విభక్తి ఏకవచన రూపం కూడా నేర్చుకుంటే మాట ఏ వర్గానిదో తేలుతుంది. చెక్ నిఘంటువులు ఈ రెండింటినీ ప్రతి మాట పక్కనా ఇస్తాయి, అది అలంకారం కోసం కాదు. చెక్ పాఠశాలల్లో నామాలను పద్నాలుగు నమూనా మాటల కింద సర్దుతారు: పుంలింగానికి ఆరు, స్త్రీలింగానికి నాలుగు, నపుంసకానికి నాలుగు. లింగం, రెండో విభక్తి తెలిస్తే నమూనా తెలిసినట్టే. ‘ఎ’తో ముగిసే చాలా మాటల్లో మాత్రం రెండో విభక్తి సాయపడదు, సముద్రం, గులాబి, న్యాయమూర్తి మూడూ అక్కడ మారకుండా అలాగే ఉంటాయి. అందుకే ‘తెన్, త, తొ’ను వదలకూడదని నొక్కి చెప్పడం.

పద్నాలుగు నమూనాలు, ఒక్కోదానికి పద్నాలుగు గడులు అంటే నూటతొంభై ఆరు రూపాలని లెక్కవేసి నిరుత్సాహపడేవారున్నారు. ఆ లెక్క తప్పు. గడులు వేరు, రూపాలు వేరు. ‘జెన’కు వేర్వేరు రూపాలు పది. ‘కొస్త్’కు ఆరు. ‘స్తవెన్యీ’ (కట్టడం) అన్న నపుంసక నమూనాకు పద్నాలుగు గడుల్లో కలిపి నాలుగే. నమూనాల మధ్య కూడా ప్రత్యయాలు పంచుకోవడం ఎక్కువ. విభక్తిని పట్టిక వరుసగా కాక, దాన్ని కోరే క్రియతోనో ఉపపదంతోనో కలిపి నేర్చుకుంటే ఈ కొద్ది రూపాలు త్వరగా చేతికొస్తాయి. తెలుగువారు మొదలుపెట్టవలసింది నాలుగో విభక్తితో. సజీవ భేదం మనకు తెలిసిందే కాబట్టి అక్కడ పట్టు త్వరగా చిక్కుతుంది. తర్వాత రెండోది, ఎందుకంటే ‘లేకుండా’, ‘నుంచి’, ‘కు’ అన్నీ దాని కిందికే వస్తాయి, పైగా లెక్కపెట్టడానికి కూడా అదే కావాలి.

లెక్క గురించి ఆగి చెప్పుకోవాలి, అంగట్లో తొలిరోజు నుంచే ఎదురవుతుంది కనుక. చెక్ డబ్బు పేరు కొరున. ఒక కొరున ‘యెద్న కొరున’. రెండు, మూడు, నాలుగు అయితే మామూలు బహువచనం: ‘ద్వ్యె కొరుని’. అయిదు నుంచి పైకి రెండో విభక్తి బహువచనం: ‘ప్యెత్ కొరున్’. క్రియ కూడా అక్కడ ఏకవచన నపుంసకంగా మారిపోతుంది. అయిదుగురు అతిథులు వచ్చారనడానికి, ‘అతిథుల అయిదు వచ్చింది’ అన్నట్టుగా చెప్తారు. ‘రెండు’ కూడా లింగాన్ని బట్టి మారుతుంది: ఇద్దరు విద్యార్థులకు ‘ద్వ’, రెండు కొరునలకు ‘ద్వ్యె’. ‘రెండు’, ‘ఇద్దరు’ అని విడివిడిగా లెక్కించేవారికి ఆ ఆలోచన అపరిచితం కాదు, గీత మాత్రం వేరే చోట ఉంది.

సంబోధన విషయంలో ఇంకా సులువు. రష్యన్‌లో చాలావరకు మాసిపోయిన ఈ విభక్తి చెక్‌లో నిండుగా బతికి ఉంది. ‘యన్’ను పిలిస్తే ‘యనె’, ‘ఎవ’ను పిలిస్తే ‘ఎవొ’, ఆచార్యుణ్ణి పిలిస్తే ‘పనె ప్రొఫెసొరె’. రాముణ్ణి ‘రామా’ అని పిలిచే మనకు పేరు చివర మార్చి పిలవడం మర్యాదగానే తోస్తుంది. చెక్‌వారు మన పేర్లనూ వదలరు: కిరణ్ ‘కిరనె’ అవుతాడు, సునీత ‘సునీతొ’ అవుతుంది, సునీతతో వెళ్తే ‘సె సునీతౌ’. పేరు తప్పు పలికారని నొచ్చుకోనక్కరలేదు, మన పేరును తమ వ్యాకరణంలో చేర్చుకున్నారు.

ఇంత నేర్చుకుని ప్రాగ్ వీధిలోకి వెళ్తే పుస్తకంలో లేని రూపాలు వినిపిస్తాయి. ప్రాగ్ ఉన్న బొహీమియా ప్రాంతపు వాడుక చెక్ వేరు, రాత చెక్ వేరు. అబ్బాయిలతో, అమ్మాయిలతో, కార్లతో అనడానికి రాతలో ‘స్ క్లుకి’, ‘స్ హొల్కమి’, ‘స్ ఔతి’ అని మూడు రకాలు. వాడుకలో ‘స్ క్లుకమ’, ‘స్ హొల్కమ’, ‘స్ ఔతమ’, అన్నిటికీ ఒకే ‘మ’. ఒకప్పటి ద్వివచనం నుంచి మిగిలిన ఈ ప్రత్యయం రాతలో చేతులు, కళ్ళు వంటి జంటలకే పరిమితం. వాడుకలో అందరికీ అందుబాటైంది. విశేషణమూ తేలికపడుతుంది. రాతలో పెద్ద అబ్బాయిలకు ‘వెల్త్సీ’, అమ్మాయిలకు ‘వెల్కే’, కార్లకు ‘వెల్కా’. వాడుకలో ముగ్గురికీ ‘వెల్కీ’. బహువచనంలో లింగభేదం ఇలా చెరిగిపోతున్నట్టు కనిపించినా ఏకవచనంలో అది చెక్కుచెదరలేదు, అక్కడ ‘తెన్, త, తొ’ తెలియక తప్పదు. పరీక్షలోనూ దరఖాస్తులోనూ ‘మ’ రాస్తే మార్కులు పోతాయి కాబట్టి చెవికి వాడుకను, చేతికి రాతను అలవాటు చేసుకోవాలి. సందేహం వస్తే చెక్ విజ్ఞాన అకాడమీకి చెందిన చెక్ భాషా సంస్థ ఆన్‌లైన్‌లో నడిపే భాషా కరదీపిక ఉంది. అందులో మాట కొడితే లింగం, పద్నాలుగు గడుల పట్టిక మొత్తం ఉచితంగా కనిపిస్తాయి. ఒకే గడిలో రెండు రూపాలు చెల్లితే రెండూ ఇస్తుంది.